ఆకు తలుపు తీసేదెవరు?

వెన్నదేవి మొక్కను మీకు కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. తొలకరి పడి పత్తి మొలిచిన కొద్ది రోజులకే సాలుకూ సాలుకూ మధ్య నీలిపూలతో పాకుతూ కనబడుతుంది. మిరపతోటలో వుంటుంది, కందిలో వుంటుంది, గట్టు మీదా వుంటుంది. పీకి పక్కన పారేస్తే ఎండి చస్తుందనుకుంటాం. ఒక జల్లు పడితే చాలు, కణుపు కణుపుకూ వేరు పోసుకొని మళ్లీ లేచి కూర్చుంటుంది. పైన పూసిన పూలు చాలవన్నట్టు నేల లోపల కూడా పూసి, అక్కడే గింజ కట్టే మొండిఘటం అది. కలుపు తీసే అక్కచెల్లెళ్లు దాన్ని ఎన్ని తిట్లు తిడతారో గట్టున నిలబడి వినవచ్చు. లేత ఆకును కూర వండుకొనే యిళ్లూ వున్నాయి గాని, అది వేరే సంగతి.

యీ కలుపుమొక్క ఆకు చేతబట్టుకొని మన తెలుగు శాస్త్రజ్ఞులు ఒక పెద్ద ప్రశ్నకు జవాబు వెతికారు. జీవకణం చుట్టూ ఒక పలచని పొర వుంటుంది కదా, ఆ పొరను దాటి పొటాషియం వంటి లవణాలు లోపలికి ఎట్లా పోతాయి, బయటికి ఎట్లా వస్తాయి? యిదీ ప్రశ్న. వినడానికి మనకు సంబంధం లేని విషయంలాగా వుంది. కాని యూరియా రెండు బస్తాలు వేసి, పొటాషు దగ్గరకు వచ్చేసరికి "ఈ ఏడాదికి వద్దులే సారూ" అని చెయ్యి వెనక్కి తీసుకొనే ప్రతి రైతుకూ యీ ప్రశ్నతో సంబంధం వుంది. ఎట్లాగో చెబుతాను.

ముందు ఒక చిన్న పని చేసి చూడండి. వెన్నదేవి ఆకును వెనక్కు తిప్పి, ఏటవాలుగా చింపండి. చిరిగిన అంచున ఉల్లిపొర లాంటి తెల్లని పలచని పొర వస్తుంది. దాన్ని ఒక నీటిచుక్కలో వేసి, మీ వూరి హైస్కూలులో వుండే సూక్ష్మదర్శిని కింద పెట్టండి. పొర నిండా చిన్న చిన్న నోళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్క నోటికి రెండు పెదవులు, రెండు చిక్కుడు గింజలను ఎదురెదురుగా ఆనించినట్టు వుంటాయి. ఆ నోటిని పత్రరంధ్రం అంటారు. ఆ రెండు పెదవులను రక్షకకణాలు అంటారు. నేను వాటిని ఆకు తలుపులు అంటాను.

ఆ తలుపు తెరిస్తేనే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. అది వస్తేనే ఆకు పిండిపదార్థం తయారుచేస్తుంది, గింజ నిండుతుంది, కాయ బరువెక్కుతుంది. కాని తెరిచిన తలుపులోంచి నీరు ఆవిరై పోతుంది. వేరు తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా యిట్లా ఆవిరయ్యేదే. తలుపు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. పొద్దున లేచింది మొదలు మొక్క చేసే బేరమంతా యిదే. మిట్టమధ్యాహ్నం పత్తి ఆకు వేలాడబడి, మాపటికి మళ్లీ నిటారుగా లేవడం మీరు చూస్తూనే వుంటారు కదా. ఆ మధ్య గంటల్లో తలుపులు ఎంత తెరవాలి, ఎప్పుడు మూయాలి అనే లెక్క నడుస్తున్నది.

మరి తలుపు తీసేదెవరు?

చాలాకాలం శాస్త్రజ్ఞులు యిచ్చిన జవాబు చక్కెర. రక్షకకణంలో పిండి వుంటుంది. తెల్లవారి వెలుగు పడగానే ఆ పిండి చక్కెరగా మారుతుంది, చక్కెర నీటిని లాగుతుంది, కణం ఉబ్బుతుంది, తలుపు తెరుచుకుంటుంది. 1908లో అమెరికాలో లాయిడ్ అనే ఆయన పత్రరంధ్రాల మీద రాసిన గ్రంథం నుంచి యీ ఆలోచన బలపడింది. చూడబోతే సబబుగానే వుంది. రంధ్రం తెరిచినప్పుడు పిండి తగ్గడం కంటికి కనిపిస్తున్నది కూడా. అందువల్ల పాఠ్యపుస్తకాలలో కొన్ని దశాబ్దాలు అదే నడిచింది. పక్కనే యింకొకటి జరుగుతున్నదేమో అని చూసినవాళ్లు తక్కువ.

చూసినవాడు ఒకడున్నాడు. జపానులో ఇమామురా అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1943లో ఒక పెద్ద వ్యాసం అచ్చువేశాడు. తెరుచుకున్న రక్షకకణాలలో పొటాషియం పోగుపడుతున్నదని ఆయన చూపించాడు. అది రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలం. జపానులో అచ్చయిన పత్రిక, జర్మను భాషలో రాసిన వ్యాసం. యిక చదివేదెవరు? దాదాపు యిరవై ఏళ్లు ఆ మాటను బయటి ప్రపంచం లెక్కచెయ్యలేదు. మంచి విత్తనం కూడా ఎండునేల మీద పడితే అట్లాగే వుంటుంది.

ఇమామురా చూపించింది ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. పొటాషియం బయట తక్కువగా వుంది, లోపల ఎక్కువగా పోగుపడుతున్నది. అంటే పల్లం నుంచి మెరకకు ఎక్కుతున్నది. నీరు తనంత తాను మెరకకు ఎక్కదని మనకు తెలుసు. మోట కట్టాలి. మోట కడితే ఎద్దు కావాలి. ఎద్దుకు దాణా కావాలి. కణపు పొర మీద ఆ మోట ఎక్కడున్నది, దానికి దాణా ఏది? యిక్కడ కథ మన తెలుగునేలకు వస్తుంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. రాజమండ్రిలో చదివాడు, మద్రాసులో వైద్యం చదివాడు, 1923లో అమెరికా వెళ్లి బోస్టన్ నగరంలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరాడు. 1925లో ఆ గురుశిష్యులిద్దరూ కలిసి రక్తంలోనూ కండలోనూ వున్న భాస్వరాన్ని కొలిచే ఒక పద్ధతి ప్రకటించారు. భాస్వరం ఎంత వుంటే అంత నీలిరంగు వస్తుంది. మన మట్టి నమూనాలను పరీక్షాకేంద్రానికి పంపినప్పుడు అక్కడ గాజునాళికలో భాస్వరానికి వచ్చే నీలిరంగు కూడా ఆ జాతిదే. విస్తరణ సోదరులు యీసారి పరీక్షాకేంద్రానికి వెళ్లినప్పుడు ఆ రంగును ఒకసారి చూసి రండి.

ఆ నీలిరంగు పద్ధతి చేతిలో వుండబట్టి 1927లో వాళ్లు కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అంటే యిప్పుడు అందరూ ఏటీపీ అని పిలిచే పదార్థాన్ని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. యీ ఏటీపీయే సమస్త జీవకణాలకూ దాణా. మనిషి కండ కదలాలన్నా, పత్తికాయలో పోగు సాగాలన్నా, వేరు ఎరువును లోపలికి లాక్కోవాలన్నా ఖర్చయ్యేది అదే. సుబ్బారావు తరువాత మందుల కంపెనీకి మారి ఫోలికామ్లం మీదా, ప్రాణం నిలిపే అనేక ఔషధాల మీదా పనిచేశాడు. 1948లో అమెరికాలోనే కన్నుమూశాడు. ఔషధాల మనిషిగానే ఆయనను మనం తలుచుకుంటాం. రైతుకు కూడా ఆయన పని చేశాడని చెప్పేవారు అరుదు. నా లెక్కలో పొలంగట్టున చెప్పుకోదగిన తెలుగువాళ్లలో ఆయన ముందువరసలో వుంటాడు.

దాణా దొరికింది. మోట దొరకడానికి మరి 28 ఏళ్లు పట్టింది. 1957లో డెన్మార్కు దేశంలో స్కౌ అనే ఆయన ఎండ్రకాయ నరాలను నూరి, అందులో ఏటీపీని విరగ్గొట్టి సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాగే ఎంజైమును కనిపెట్టాడు. మన వరిచేల గట్లకు బొక్కలు పెట్టే ఎండ్రకాయల జాతివే అవి కూడా. యీ పనికి 1997లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది, నలభై ఏళ్ల తరువాత.

మొక్కలలో మోట కొంచెం వేరుగా వుంటుంది. అది పొటాషియాన్ని నేరుగా మోసుకురాదు. ఏటీపీని ఖర్చుపెట్టి హైడ్రోజను అయానులను, అంటే పులుపుకు మూలమైన రేణువులను, కణం బయటికి తోడిపోస్తుంది. ఆ రేణువులకు ధన విద్యుదావేశం వుంటుంది. అవి బయటికి పోతున్నకొద్దీ కణం లోపల రుణావేశం మిగులుతుంది. అప్పుడు బయట వున్న పొటాషియం, దానిదీ ధనావేశమే కనుక, లోపలికి లాగబడుతుంది. పొరలో దానికోసం ప్రత్యేకంగా తూములు వున్నాయి. వైరా చెరువు తూము ఎత్తితే నీరు ఎట్లా కాలవలో పడుతుందో, యీ తూము తెరిస్తే పొటాషియం అట్లా లోపలికి వస్తుంది. ఒక చోట మోట, యింకొక చోట తూము. పొటాషియం వెంబడి నీరు వస్తుంది. కణం ఉబ్బుతుంది. రక్షకకణానికి రంధ్రం వైపు గోడ మందంగానూ, బయటివైపు గోడ పలచగానూ వుంటుంది గనుక, ఉబ్బినప్పుడు అది విల్లులాగా వంగుతుంది. రెండు విళ్లు ఎదురెదురుగా వంగితే మధ్యన సందు ఏర్పడుతుంది. తలుపు తెరుచుకుంది!

యిదంతా ఒక్కరోజులో తేలలేదు. జపానులోనే నాగసాకి విశ్వవిద్యాలయంలో ఫుజినో అనే ఆయన 1967లో, పత్రరంధ్రాల కదలికలో ఏటీపీకీ దాన్ని విరగ్గొట్టే ఎంజైముకూ పాత్ర వుందని రాశాడు. ఆయన వాడిన మొక్క మన వెన్నదేవికి స్వయానా చెల్లెలి వరస. మరుసటి ఏడాది, 1968లో, కాలిఫోర్నియాలో పనిచేస్తున్న ఫిషర్ ఒక పెద్దచిక్కుడు జాతి ఆకుపొరను పొటాషియం నీళ్లలో తేల్చి, వెలుతురులో పెట్టి, తలుపులు తెరుచుకోవడానికీ లోపలికి పోయిన పొటాషియానికీ వున్న లంకెను అంకెలతో చూపించాడు. అప్పటికిగాని ఇమామురా మాట నిలబడలేదు.

యిక తిరుపతికి వద్దాం. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. అక్కడ వృక్షశాస్త్రశాఖలో ఆచార్య వి. ఎస్. రామదాసు మొక్కల ఆహార తయారీ మీద పెద్ద శిష్యబృందాన్ని తయారుచేశాడు. ఆ శిష్యులలో ఒకరు ఎ. ఎస్. రాఘవేంద్ర. 1981లో ఆయన అమెరికా పత్రిక ఒకదానిలో ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. పరీక్షించిన మొక్క వెన్నదేవి. అవును, మీరు పీకి పారేసే వెన్నదేవే. ప్రశ్న సూటిగా వుంది. తలుపు తెరవడానికి దాణా, అంటే ఏటీపీ, ఎక్కడ తయారవుతున్నది? వెలుతురు పట్టుకొని తయారయ్యేదా, ఊపిరి తీసుకోవడంలో తయారయ్యేదా? ఆకుపొరలను వెలుతురులోనూ చీకటిలోనూ, మామూలు గాలి లేకుండానూ వుంచి, ఒక్కొక్క దారిని మూసే మందులు వేసి, రంధ్రం ఎంత తెరుచుకున్నదో చూస్తూ రెండు దారుల పాత్రనూ విడదీశాడు.

వెన్నదేవినే ఎందుకు తీసుకున్నారంటారా? పొర చక్కగా వూడివస్తుంది, రంధ్రాలు పెద్దవి, పైగా డబ్బు పెట్టి కొననక్కరలేదు. గొప్ప యంత్రాలున్న దేశాలతో సమానంగా పనిచెయ్యాలంటే మన దగ్గర విస్తారంగా దొరికేదాన్ని తెలివిగా వాడుకోవాలి. ఆ తెలివి నాకు చాలా నచ్చుతుంది. రాఘవేంద్ర తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వచ్చి, యీ తలుపుల మీదే చాలాకాలం పరిశోధన సాగించారు.

పొరలోని తూమును కంటికి కట్టినట్టు పట్టుకున్నది 1984లో జర్మనీలో. వెంట్రుకకన్నా సన్నని గాజుగొట్టాన్ని రక్షకకణపు పొరకు ఆనించి, ఒకే ఒక తూములోంచి పొటాషియం పోతున్నప్పుడు పుట్టే విద్యుత్తును కొలిచారు. 1992లో ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్కలోంచి ఆ తూము తాలూకు జన్యువును తీశారు. తీసిన పద్ధతి ముచ్చటైనది. రొట్టె పొంగించే ఈస్టులో పొటాషియం లోపలికి లాక్కోలేని చెడ్డ రకాన్ని తీసుకొని, దానిలో మొక్క జన్యువులు ఒక్కొక్కటీ పెట్టి చూశారు. ఏ జన్యువు పెడితే ఈస్టు తక్కువ పొటాషియంలోనూ బతికిందో, అదే తూము జన్యువు.

పాతవారి చక్కెర మాట పూర్తిగా అబద్ధమా? కాదు. 1996లో తేలిందేమిటంటే, పెద్దచిక్కుడు ఆకులో పొద్దుటిపూట తలుపు తీసేది పొటాషియం, మధ్యాహ్నం దాటాక దాన్ని తెరిచి వుంచేది ఎక్కువగా చక్కెర. శాస్త్రంలో యిట్లా జరుగుతూ వుంటుంది. తీసిపారేసిన మాట మూలనుంచి లేచి మళ్లీ వస్తుంది.

తీసే సంగతి చెప్పుకున్నాం. మూసే సంగతి పత్తిరైతుకు యింకా దగ్గరిది. 1963లో కాలిఫోర్నియాలో అడికాట్ బృందం, పత్తిలో పిందె ఎందుకు రాలుతుందో తెలుసుకోవాలని లేత కాయలను పోగుచేసి, వాటిలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసింది. తరువాత దానికి అబ్‌సిసిక్ ఆమ్లం అని పేరు స్థిరపడింది. దాని అసలు పెద్దపని పిందె రాల్చడం కాదనీ, బెట్టలో తలుపులు మూయించడమనీ క్రమంగా తెలిసింది. నేల ఎండుతున్నదని వేరుకూ ఆకుకూ తెలియగానే యీ ఆమ్లం పెరుగుతుంది. అది రక్షకకణాన్ని చేరితే పొటాషియం బయటికి వెళ్లే తూములు తెరుచుకుంటాయి. పొటాషియం పోతుంది, దాని వెంట నీరు పోతుంది, కణం సొట్టబోతుంది, తలుపు మూసుకుంటుంది. తిరుపతి బృందం 1976లోనే, యీ ఆమ్లం మూసిన తలుపును మరొక పెరుగుదల పదార్థంతో మళ్లీ తెరిపించవచ్చని చూపించింది.

యిప్పుడు మీ చేనుకు వస్తాను. తలుపు తియ్యాలన్నా మూయాలన్నా కదిలేది పొటాషియం. పొటాషు చాలని మొక్కలో యీ తలుపులు మందకొడిగా కదులుతాయి. పొద్దున తెరవాల్సినంత తెరవవు, బెట్టలో మూయాల్సినంత గట్టిగా మూయవు. వారం పదిరోజులు వాన మొహం చాటేసినప్పుడు రెండు చేలు పక్కపక్కనే వుండి ఒకటి ముందుగా వడలిపోవడానికి వున్న కారణాలలో యిదొకటి. ఒకటే కారణం అనను. నేల లోతు, వేరు లోతు, విత్తిన తేదీ అన్నీ వుంటాయి. పొటాషు వేస్తే వాన అక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. వున్న తడిని పొదుపుగా వాడుకోవడానికి మాత్రం అది సాయం చేస్తుంది.

మన పెద్దవాళ్లకు అయానుల సంగతి తెలియదు గాని బూడిద సంగతి తెలుసు. పొయ్యిబూడిదను పాదులకు వేసేవాళ్లు. కర్రబూడిదలో పొటాషు వుంటుంది. భద్రాచలం అడవి అంచున కోయలు, కొండరెడ్లు కొట్టి కాల్చి చేసిన పోడులో మొదటి రెండు మూడేళ్లు పంట బాగా రావడానికి ఆ బూడిద ఒక కారణం. చెట్టు ఎన్నో ఏళ్లుగా లోతునుంచి లాగి దాచుకున్న పొటాషు ఒక్క మంటతో నేల మీద పడుతుంది. వాలునేల కదా, గోదావరి వైపు పారే వాననీరు దాన్ని తిరిగి కడుక్కుపోతుంది. పాతకాలంలో అందుకే ఆ చోటు విడిచి యింకొక చోటికి పోయి, పాతదాన్ని మళ్లీ అడవి కానిచ్చేవాళ్లు. యిప్పుడు ఒకేచోట ఏటా పత్తి, మొక్కజొన్న వేస్తున్నాం. బూడిదా లేదు, బీడు విడవడమూ లేదు. పైనుంచి వేసేదేదో మనమే వెయ్యాలి.

వెయ్యకపోవడానికి కారణం నాకు తెలియక కాదు. మన దేశంలో పొటాషు గని తవ్వకం లేదు, దాదాపు అంతా ఓడల మీద రావలసిందే. 2010 ఏప్రిల్‌లో పోషకాన్ని బట్టి సబ్సిడీ అనే పద్ధతి వచ్చినప్పుడు యూరియాను అందులోంచి మినహాయించారు. యూరియా చౌకగా నిలిచింది, పొటాషు ధర బాగా పెరిగింది. పైగా యూరియా వేస్తే నాలుగు రోజుల్లో చేను నల్లబడి కనిపిస్తుంది. పొటాషు వేస్తే కంటికి ఏమీ కనిపించదు. కనిపించని పనికి రూపాయి తియ్యమంటే ఎవరికైనా కష్టమే.

అందుకని ముందు మట్టి పరీక్ష చేయించండి. నల్లరేగడిలో పొటాషు సహజంగా ఎక్కువే వుంటుంది. పరీక్షలో సమృద్ధిగా వున్నదని వస్తే అనవసరంగా ఖర్చు పెట్టవద్దు. ఎర్రచెలకల్లో, యిసుక పాలు ఎక్కువున్న నేలల్లో కొరత తొందరగా వస్తుంది. అడుగు ఆకుల అంచులు పసుపుబారి, తరువాత కాలినట్టు ఎండితే అది పొటాషు ఆకలి. వానాధారపు బీటీ పత్తికి మామూలు సిఫారసు ఎకరాకు 24 కిలోల పొటాషు, అంటే మ్యూరేటు ఆఫ్ పొటాషు 40 కిలోలు. దాన్ని ఒకేసారి కుమ్మరించకుండా, విత్తిన 20, 40, 60, 80 రోజులప్పుడు నత్రజనితో కలిపి పదేసి కిలోలు వెయ్యాలి. అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ తోటలున్నవాళ్లకు లెక్క పెద్దది. మూడేళ్లు దాటిన ప్రతి చెట్టుకూ ఏడాదికి 1200 గ్రాముల పొటాషు, అంటే మ్యూరేటు 2 కిలోలు, విడతలుగా యివ్వాలి. గెల వెంట తోటలోంచి ప్రతి కోతకూ పొటాషు వెళ్లిపోతూనే వుంటుంది గనుక యిది ఎక్కువనుకోవద్దు. గోదావరి ఒడ్డున పొగాకు వేసేవాళ్లు మాత్రం మ్యూరేటు జోలికి పోకుండా సల్ఫేటు వాడాలి. మ్యూరేటులోని క్లోరైడు వల్ల పొగాకు సరిగ్గా కాలదు.

నేలలో తడి లేక ఎరువు వెయ్యడానికి వీలుకాని బెట్టలో, పూత కాయ మీద వున్న పత్తికి పొటాషియం నైట్రేటును, అంటే దుకాణంలో 13-0-45 అని అడిగేదాన్ని, లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చెయ్యవచ్చు. చేసేది పొద్దుటిపూట గాని, ఎండ వాలిన తరువాత గాని చెయ్యండి. మిట్టమధ్యాహ్నం ఆ చేనులో తలుపులన్నీ బిగించుకొని వుంటాయి, కొట్టిన ద్రావణం కూడా లోపలికి యింకకముందే ఆకు మీదే ఎండిపోతుంది.